ఏనుగుమెట్ట మూడో మలుపు

కిరీటికి కొండలెక్కడం వచ్చు. ఎక్కి వచ్చాక ఆ సంగతి నలుగురికీ చెప్పకుండా ఉండటం ఒక్కటే రాదు.

పార్వతీపురం దగ్గర కరెంటు సబ్‌స్టేషన్లో అతనిది ఆపరేటరు ఉద్యోగం. షిఫ్టు దిగడం ఆలస్యం, సైకిలెక్కేసేవాడు. సాలూరు ఘాటు రోడ్డు మీద లారీలు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే, వాటిని దాటి వెళ్ళి, పైన టీకొట్టు దగ్గర నిలబడి ఆ లారీ డ్రైవర్లు వచ్చేదాకా ఆగేవాడు. వాళ్ళు తనను చూశారని నమ్మకం కలిగాకే దిగేవాడు.

అయినా అతని మనసులో ఒక వెలితి ఉండేది. దాలినాయుడు మాస్టారి దగ్గర చేరి మూడేళ్ళయింది. ఆయన నోట "బాగా ఎక్కావురా" అన్న మాట ఇంతవరకూ వినలేదు.

దాలినాయుడు గారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం తెల్లవారేసరికి ఎనిమిది పదిమందిని వెంటేసుకుని కొండల్లోకి బయల్దేరేవారు. మాట తక్కువ మనిషి. ఎడమ మోకాలు ఎప్పుడో చెడింది. బాగా శ్రమపడితే బిగుసుకుపోయి, మళ్ళీ వంగడానికి గంటో గంటన్నరో పట్టేది. అందుకని ఆయన అందరికంటే వెనక, నిదానంగా ఎక్కేవారు. తొందరగా ఎక్కడం ఎలాగో ఆయన ఎవరికీ నేర్పలేదు. బ్రేకు ఎప్పుడు పట్టాలో, నీళ్ళు ఎప్పుడు తాగాలో, పక్కవాడు అలిసిపోయాడని ఎలా తెలుసుకోవాలో నేర్పేవారు. కిరీటికి ఈ మూడో పాఠం ఎందుకో అర్థమయ్యేది కాదు.

ఒకసారి అతను ఉండబట్టలేక అడిగేశాడు. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నాకంటే బాగా ఎక్కేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.

ఆ వచ్చే ఆదివారం మాస్టారు కిరీటిని పిలిచి, రోజంతా నూకరత్నం వెనకాలే తొక్కమన్నారు. దాటి పోకూడదు, అంతే షరతు. నూకరత్నం మక్కువ ఆస్పత్రిలో నర్సు. నలభై అయిదేళ్ళు దాటాయి. ప్రతి సవారీలోనూ అందరికంటే చివర వచ్చేది ఆమే. కిరీటి పన్నెండు కిలోమీటర్లు ఓపిక పట్టాడు. పదమూడో కిలోమీటరులో చిన్న ఎత్తు వచ్చింది. కాళ్ళు ఊరుకోలేదు, దాటేశాడు. సాయంత్రం మాస్టారు ఏమీ అడగలేదు. కానీ ఆ ప్రశ్న మళ్ళీ అడగడానికి మాత్రం అతనికి మొహం చెల్లలేదు.

ఆ ఏడాది కిరీటి మనసంతా ఒక్కదాని మీదే ఉంది. నాలుగేళ్ళకోసారి జరిగే పన్నెండు వందల కిలోమీటర్ల సవారీ. అందులో పేరు ఎక్కాలంటే ఒక ఏడాది వ్యవధిలో రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఆరు వందల కిలోమీటర్ల సవారీలు నాలుగూ గడువులోపల పూర్తిచేయాలి. వీటిని బ్రెవేలంటారు. పందేలు కావు. ఎవరు ముందు వచ్చారో ఎవరు వెనక వచ్చారో ఎక్కడా రాయరు. దారిలో అక్కడక్కడా ఉన్న మజిలీల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. మనుషుల్ని పెట్టలేని చోటుకు కార్డు మీద ఒక ప్రశ్న అచ్చేస్తారు. అక్కడికి వెళ్ళి చూస్తే తప్ప తెలియని జవాబు. అది రాస్తే ముద్రతో సమానం. మిగతాదంతా మనిషి మాట మీద నమ్మకం.

కిరీటి పెద్దవి మూడూ చేసేశాడు. ఆరు వందల కిలోమీటర్లు వానలో తడుస్తూ, మడమలు పుండ్లు పడి, ఒక్క అడుగు కూడా తప్పించకుండా చేశాడు. డ్యూటీ అడ్డం వచ్చి చిన్నదైన రెండు వందలే మిగిలిపోయింది. దాన్ని ఏప్రిల్లో పార్వతీపురంలో ఏర్పాటు చేశారు. అంటే సొంత ఊరు, సొంత కొండలు. అతనికి అది లెక్కలోకే రాలేదు. పూర్తిచేయడం గురించి కాదు, ఎంత తొందరగా చేస్తే జనం చెప్పుకుంటారన్నదే అతని ఆలోచన.

తెల్లవారుజామున నాలుగున్నరకు కల్యాణమండపం ముందు నుంచి ఇరవై ఇద్దరు బయల్దేరారు. సాయంత్రం ఆరింటికి గడువు. బొబ్బిలి, సాలూరు, పైన ఘాటు, మళ్ళీ కిందికి, మక్కువ మీదుగా వెనక్కి. విశాఖపట్నం నుంచి ఒక డాక్టరు గారు వచ్చారు. వేలితో ఎత్తగలిగేంత తేలికైన సైకిలు ఆయనది. ఆయన ఘాటు మీద కిరీటిని అంటిపెట్టుకునే వచ్చారు. ఎంత తొక్కినా వెనక్కి తిరిగి చూస్తే ఆ ఎర్ర చొక్కా కనిపిస్తూనే ఉంది. మక్కువ దాటాక గానీ మలుపుల్లో మరుగు కాలేదు.

పదకొండున్నరకు కిరీటి ఏనుగుమెట్ట అడుగుకు చేరాడు. అక్కడి నుంచి ఊరు పద్దెనిమిది కిలోమీటర్లు. కానీ రోడ్డు వదిలి, పక్కదారిలో నాలుగు కిలోమీటర్లు పైకెక్కి, మళ్ళీ అదే దారిన దిగాలి. అది మెట్ట మీద ఆగిపోయే దారి. పైన అటవీశాఖ వాళ్ళ పాత వాచ్ టవరు తప్ప ఏమీ లేదు. కార్డు మీద ప్రశ్న కూడా అదే: ఏనుగుమెట్ట వాచ్ టవరుకు మెట్లెన్ని?

కిరీటి సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, ఆ ప్రశ్న చదివాడు.

ముప్పై నాలుగు. అది అతనికి తెలుసు. మాస్టారు ఆ మెట్ట మీదికి వాళ్ళను ఎన్ని ఆదివారాలు తీసుకొచ్చారో లెక్క లేదు. వచ్చినప్పుడల్లా టవరెక్కి లోయ చూసేవాళ్ళు. నలభై సార్లు ఎక్కిన కొండ నలభై ఒకటోసారి ఎక్కకపోతే ఏం పోయింది అనుకున్నాడు. ఆ కొండ ఎక్కగలనా లేదా అని తనను అడిగేవాడెవరు? పైగా ఆ ఎర్ర చొక్కా డాక్టరు ఏ క్షణాన వచ్చేస్తాడో. కార్డు తీసి ముప్పై నాలుగు అని రాశాడు. రాస్తున్నప్పుడు అటూ ఇటూ చూశాడు. అబద్ధం కాదనుకున్నవాడు అటూ ఇటూ ఎందుకు చూశాడో మరి.

పన్నెండూ అయిదుకల్లా కల్యాణమండపం చేరాడు. సవారీ జరిపిస్తున్న హరగోపాల్ గారు గడియారం చూసి, నమ్మలేక, మళ్ళీ చూశారు. ఆ దారిలో అంత తొందరగా ఎవరూ రాలేదన్నారు. కార్డు మీద సమయం వేసి, సంతకం పెట్టి, పెట్టెలో వేశారు. ఫొటో తీశారు. కిరీటి కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి, పెరుగన్నం తింటూ డాక్టరు కోసం చూశాడు.

ఒంటిగంటకు డాక్టరు వచ్చారు. సైకిలు దిగుతూనే నవ్వుతూ కిరీటి దగ్గరికి వచ్చి, మీ మాస్టారు భలే మనిషండీ అన్నారు.

కిరీటి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

సంగతేమంటే, మాస్టారు ఆ పొద్దున ఎవరికీ చెప్పకుండా ఏనుగుమెట్ట ఎక్కారు. మధ్యాహ్నం ఎండలో, చివరి కొండ మీద, పైన మనిషన్నవాడు లేకుండా వీళ్ళందరూ సొమ్మసిల్లుతారేమో అనుకుని, సైకిలు వెనక పెద్ద స్టీలు క్యాను కట్టుకుని చోడి అంబలి, అంటే రాగిపిండితో కాచిన జావ, తీసుకెళ్ళారు. పైకొచ్చిన ప్రతివాడికీ గ్లాసెడు పోస్తున్నారు. డాక్టరు రెండు గ్లాసులు తాగారట. "కిరీటి ఎంత వెనక ఉన్నాడండీ అని అడిగారు," అన్నారు డాక్టరు. "వెనకేమిటండీ, నాకంటే ముందే పోయాడు కదా అన్నాను. ఇంకా రాలేదే అన్నారు."

ఇది చెప్పి డాక్టరు కిరీటి మొహం వైపు చూశారు. అడగలేదు గానీ చూశారు.

మాస్టారు రాకముందే తాను పైకెళ్ళి దిగిపోయి ఉంటానన్నాడు కిరీటి. మాట చక్కగా వచ్చింది. డాక్టరు తలూపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వస్తున్నారు. రెండుకు ఇద్దరు, రెండున్నరకు నలుగురు. వచ్చినవాడల్లా మూతి మీద అంబలి మరకతో కిరీటి దగ్గరికే వస్తున్నాడు. మాస్టారు నీకోసం చూస్తున్నారన్నాడొకడు. నీ వాటా తీసి పక్కన పెట్టారన్నాడు మరొకడు. పంక్చరు పడిందేమోనని టవరెక్కి రోడ్డు చూశారన్నాడు ఇంకొకడు. ఆ మోకాలితో ముప్పై నాలుగు మెట్లు. కిరీటి ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పాడు, తాను ముందే వెళ్ళొచ్చానని. మెట్ట మీద ఫోను పలకదు. పలికితే మాత్రం ఏమని చెబుతాడు? కాసేపట్లో ఆయనే దిగి వస్తారు, రేపు మెల్లగా ఏదో ఒకటి చెప్పొచ్చు అనుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై కిలోమీటర్ల అవతల ఒక ముసలాయన తనకోసం ఎండలో నిలబడి ఉన్నాడని తెలిసి, ఫ్యాను కింద మూడు గంటలు కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా అతనికి అంకె రాసినందుకంటే ఆ మూడు గంటలకే ఎక్కువ సిగ్గేసేది.

నాలుగు కావస్తుంటే నూకరత్నం వచ్చింది. ఎప్పటిలాగే ఆఖరు. సైకిలు గోడకానించి, నీళ్ళు మొహాన కొట్టుకుని, తుడుచుకోకుండానే కిరీటిని పక్కకు పిలిచింది.

"బాగానే ఉన్నావు కదా తమ్ముడూ," అంది. "మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారు."

అతను తన పాత మాట మొదలుపెట్టబోయాడు. ఆమె మధ్యలోనే ఆపింది. గొంతు పెంచలేదు, పక్కవాళ్ళకు వినపడనివ్వలేదు.

"ఆయన ఎనిమిదింటికే ఎక్కేరట. నువ్వు ఆ కొండ మీదికి ఎప్పుడెళ్ళేవో నానడగను. నా కిట్టు అడిగి తీసుకున్నారు. దూది, కట్టుగుడ్డ, అన్నీ. ఎక్కడో పడిపోయి ఉంటావని ఆయన అనుమానం. రండి మాస్టారూ దిగిపోదాం అంటే, లెక్కకి ఒక మనిషి తక్కువున్నాడు, ఎలా వస్తాను అన్నారు."

కిరీటి తల దించుకున్నాడు. ఆమె మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

లేచి బూట్లు తొడుక్కున్నాడు. ఇక్కడి దాకా సిగ్గే అతన్ని నడిపించింది. కానీ తాళ్ళు బిగిస్తున్నప్పుడు ఇంకొక లెక్క తలలో దూరింది. నాలుగూ అయిదు. కొండ అడుగుకు నలభై నిమిషాలు, ఎక్కడానికి పాతిక. అయిదూ పది. దిగి ఊరు చేరడానికి నలభై అయిదు. ఆరుకు అయిదు నిమిషాలు తక్కువ. గడువు ఆరు. మాస్టారిని చూసినట్టూ ఉంటుంది, కార్డు నిజమైనట్టూ ఉంటుంది. అప్పుడు అది మోసం కూడా కాదు. పన్నెండు వందలూ పోవు.

హరగోపాల్ గారి దగ్గరికెళ్ళి, పైన మెట్ల లెక్క సరిగా వేశానో లేదో అనుమానంగా ఉంది, మళ్ళీ చూసొస్తాను, కార్డు ఇవ్వండన్నాడు. ఆయన నవ్వి, ఇలాంటి నిజాయితీ ఎక్కడా చూడలేదన్నారు. ఆరులోపు వస్తే కొత్త సమయం వేస్తానని కార్డు చేతికిచ్చారు. ఆ పొగడ్త కూడా జేబులో పెట్టుకుని కిరీటి బయల్దేరాడు.

పొద్దున్నుంచీ తొక్కిన కాళ్ళు కొండ అడుగుకే మొరాయించాయి. అయినా ఎక్కాడు. హ్యాండిల్ మీద ఉన్న చిన్న మీటరులో నిమిషాలు చూసుకుంటూ, తల ఎత్తకుండా, ఏడు మలుపులూ ఎక్కాడు. అయిదూ పన్నెండుకు పైన ఉన్నాడు.

టవరుకు ఆనించి మాస్టారి పాత సైకిలు ఉంది. పక్కన రాతి మీద స్టీలు క్యాను, దాని మీద బోర్లించిన గ్లాసు ఉన్నాయి. ఆయన లేరు.

కిరీటి ముందు చేసిన పని మెట్లు లెక్కపెట్టడం. కింద నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ముప్పై నాలుగే. అబద్ధం నిజమైపోయింది. ఆ తర్వాతే మాస్టారిని పిలిచాడు.

రెండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఏ వాగు దగ్గరికో మొహం కడుక్కోవడానికి వెళ్ళి ఉంటారు. సైకిలు ఇక్కడే ఉంది కాబట్టి వస్తారు. తాను వచ్చి వెళ్ళినట్టు తెలియడానికి ఏదైనా గుర్తు పెట్టి పోతే చాలనుకున్నాడు. తన టోపీ తీసి క్యాను పక్కన పెట్టాడు. ఇక ఒక్క నిమిషం కూడా లేదు. సైకిలు వెనక్కి తిప్పాడు.

దిగుతున్నప్పుడు తల ఎత్తక తప్పదు. కింద నుంచి మూడో మలుపు దగ్గర ఇనుప రెయిలింగు విరిగి లోయలోకి వేలాడుతోంది. అది ఎప్పుడో విరిగింది, అతనికీ తెలుసు. ఆ రెయిలింగు పక్కన, రోడ్డంచున, ఒక జత రబ్బరు చెప్పులు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. మాస్టారివే, ఒకదానికి పట్టీ తెగితే సైకిలు ట్యూబు ముక్కతో కట్టుకున్నారు. ఎక్కేటప్పుడు వాటి పక్క నుంచే పోయాడు.

మీటరులో అయిదూ పంతొమ్మిది. ఆగకుండా పోతే ఇప్పటికీ అందుతుంది. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని అతను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

బ్రేకు పట్టాడు. సైకిలు రోడ్డు మీద పడేసి, రెయిలింగు పట్టుకుని కిందికి చూశాడు. తుప్పల్లో ఎవరో జారుతూ దిగిన దారి కనిపించింది. కొమ్మలు విరిగి, ఎర్రమట్టి గీసుకుపోయి ఉంది. గొంతు చించుకుని పిలిచాడు.

"ఎవరది?" అని కింద నుంచి వచ్చింది. "కిరీటీ నువ్వేనా?"

ఎలా దిగాడో తెలియదు. యాభై అడుగుల కింద ఒక బండకు ఆనుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు. ఎడమ కాలు బారుగా చాపి ఉంది. పంచె ముళ్ళకు చిరిగింది. పిక్కల నిండా గీతలు, కొన్నిటి మీద రక్తం ఎండిపోయింది. ఒళ్ళో నూకరత్నం కిట్టు, పక్కన నిండుగా ఉన్న నీళ్ళ సీసా. తాను తాగలేదు. దొరికినవాడికి కావాలని తెచ్చినట్టున్నారు.

సైకిలు టవరు దగ్గరే వదిలి, రోడ్డంచు వెంట వెతుకుతూ నడిచి వస్తుంటే, ఈ మలుపులో ఇసక మీద టైరు జారిన గుర్తు కనిపించిందట. ఏ మోటారు సైకిలుదో. ఆయన అది కిరీటిదే అనుకున్నారు. బండల వెనకంతా వెతికారు. తిరిగి ఎక్కబోతే మోకాలు బిగుసుకుంది.

కిరీటి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దెబ్బలేటి తగిల్నాయి?" అన్నారు మాస్టారు.

"ఏమీ లేవు మాస్టారూ."

"ఇలా కూకో. చేతులు చూపించు."

కిరీటి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాడు. మాస్టారు అరచేతులు తిప్పి చూశారు. మోచేతులు చూశారు. గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పారు. జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి తల తడిమారు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. కిరీటి ఒంటి మీద ఎక్కడైనా ఒక దెబ్బ ఉంటే బాగుండునని మొక్కుకున్నాడు. లేదు.

"అయితే సరే," అని ఆయన కిట్టు మూసేశారు.

మాస్టారిని వీపు మీద వేసుకుని ఎక్కడానికి అరగంట దాటింది. నాలుగుసార్లు ఆగాడు. ఒకసారి ఇద్దరూ కలిసి పడ్డారు. వీపు మీద నుంచి మాస్టారు ఏ రాయి కదులుతుందో, ఏ కొమ్మ పట్టుకోవచ్చో చెబుతూ వచ్చారు. నిదానం, ఊపిరి తీసుకో, తొందరేం లేదు అంటూ వచ్చారు. రోడ్డు మీద కూర్చోబెట్టేసరికి ఆరు దాటింది. కిరీటి మీటరు వైపు చూడలేదు, అయినా తెలిసింది.

చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. సీసా మూత తీసి ఇస్తే, ఆయన రెండు గుక్కలు తాగి, పైనున్న క్యాను సంగతి గుర్తుచేశారు. కిరీటి మళ్ళీ మెట్ట ఎక్కాడు. ఈసారి ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు. క్యాను భుజానికి కట్టుకుని, మాస్టారి సైకిలును ఒక చేత్తో పట్టుకుని, మెల్లగా దిగి వచ్చాడు. కొండ నీడ లోయంతా కమ్ముకుంది. ఆకాశంలో మాత్రం ఇంకా వెలుతురుంది.

మాస్టారు మూత తీసి గ్లాసులోకి అంబలి వంచారు. కిరీటి వాటా అది, అందరిదీ అయిపోయినా మిగిల్చింది.

"పుల్లబడిపోయింది," అన్నారు. "అయినా తాగు. పొద్దుట్నుంచీ ఏటి తిన్నావో ఏటో."

పెరుగన్నం తిన్నాడు. ఫ్యాను కింద కూర్చుని తిన్నాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ పైకెత్తలేకపోయాడు.

"నేను పడలేదు మాస్టారూ."

ఆయన చూశారు.

"అసలు పైకే రాలేదు. కింద నుంచే అంకె రాసేసుకుని పోయాను. మధ్యాహ్నం నుంచీ మండపంలోనే ఉన్నాను. మీరు చూస్తున్నారని వాళ్ళు చెబుతూనే ఉన్నారు."

కసురుకుంటారని, మొహం తిప్పేసుకుంటారని ఎదురుచూశాడు. మాస్టారు కిందికి, తాను వెతికిన తుప్పల వైపు చూశారు. పిక్క మీది గీతను బొటనవేలితో తుడిచారు.

"అవునా," అన్నారు. "నాకా ఆలోచనే రాలేదురా."

దెప్పుతూ అన్నమాట కాదు. నిజంగానే రాలేదు. అంకె అబద్ధంగా రాయొచ్చన్నది, శిష్యుడు కొండ ఎక్కకుండా పోతాడన్నది, పొద్దున్నుంచీ ఆయన తలలోకి రానేలేదు. పంక్చరు వచ్చింది, ఎండదెబ్బ వచ్చింది, చావు కూడా వచ్చింది. ఇదొక్కటి రాలేదు. కిరీటికి అది అర్థమయ్యేసరికి కూర్చున్నచోట నేల కుంగిపోతే బాగుండుననిపించింది. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

జేబులోంచి కార్డు తీసి ఆయన ముందు పెట్టాడు. దాని మీద పన్నెండూ అయిదు అని, కింద హరగోపాల్ గారి సంతకం చెక్కుచెదరకుండా ఉన్నాయి. నోరు మూసుకుని తిరిగి ఇచ్చేస్తే చాలు, పన్నెండు వందలకు పేరు ఎక్కుతుంది. ఊరు చేరగానే అందరి ముందూ జరిగింది చెప్పి, కొట్టేయమంటానన్నాడు. మళ్ళీ నాలుగేళ్ళు ఆగుతానన్నాడు. మాస్టారు కార్డును గాలికి పోకుండా కిరీటి చెయ్యి కింద పెట్టారు.

"తాగు," అన్నారు.

తాగాడు. గొంతులో పులుపు దిగింది. గ్లాసు కడిగి బోర్లించాడు. మాస్టారు మోకాలు మెల్లగా వంచి చూసుకుంటున్నారు. ఇంకొంచెం సేపట్లో నడవగలరు.

"ఇకమీదట నాకోసం ఆగొద్దు మాస్టారూ," అన్నాడు కిరీటి. "నేను రాకపోతే, రాలేదని వదిలేయండి. మీరు వెతికేంత మనిషిని కాను."

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేసి, బరువు మోపి, లేచి నిలబడ్డారు. చెప్పులు తొడుక్కున్నారు.

"అది నావల్ల అవ్వదురా," అన్నారు. "నువ్వు రాకపోతే నేను మళ్ళీ దిగుతాను."